పాత మజిల్ కారుకి టైర్లు కొంటున్నారా? ముందు టేపు తీయండి

మా 1969 షెవ్రోలే షెవెల్ ఎస్ఎస్ 396ని (పెద్ద ఇంజన్ పెట్టిన ఆ కాలపు అమెరికన్ కారు, ఇలాంటివాటినే మజిల్ కార్లు అంటారు) మిచిగన్‌లో ఒక పెద్దాయన దగ్గర కొన్నప్పుడు టైర్లు చూసే సగం మురిసిపోయాను. నల్లగా నిగనిగలాడుతున్నాయి. తెల్ల అక్షరాలు పాలలా ఉన్నాయి. ట్రెడ్ సగం కూడా అరగలేదు. మూడో వారం హైవే మీద 65 మైళ్ల వేగంలో సీటు కింద సన్నగా దడ మొదలైంది. బ్యాలెన్సింగ్ పోయిందేమోలే అనుకుని ఇంటికొచ్చి చక్రం విప్పితే, వెనక ఎడమ టైరు ట్రెడ్ మీద నిమ్మకాయంత బుడిపె. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) లోపలి వైపు మట్టి తుడిచి నంబరు చదివాను: 3206. అంటే 2006వ సంవత్సరం 32వ వారంలో తయారైన టైరు. నేను కారు కొన్నది 2021లో. పదిహేనేళ్ల రబ్బరు మీద ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టుకుని తిరిగానన్నమాట. పైన పటారం, లోన లొటారం.

ఆ తర్వాత టైర్ల గురించి చదివి, కొలిచి, ఒకసారి తప్పు సైజు కొని వెనక్కి పంపి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేసే మనవాళ్లలో పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లు తక్కువేం కాదు. వాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నా, దీనికి ఏ సైజు పడుతుంది?" దానికి నా జవాబు కూడా ఒక్కటే: "నీ కారుని కొలిచావా?" ఉదాహరణలకి నా షెవెల్‌నే తీసుకుంటాను. మస్టాంగ్ అయినా, ఛాలెంజర్ అయినా, జీటీవో అయినా పద్ధతి మారదు, అంకెలే మారతాయి.

మెట్టు 1: ఇప్పుడున్న టైర్ల వయసు చూడండి

కొత్తవి ఎంచుకోవడానికి ముందే చేయాల్సిన పని ఇది. సైడ్‌వాల్ మీద "డాట్" అనే అక్షరాలతో మొదలయ్యే వరస ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2000కి ముందు తయారైన వాటికి మూడంకెలే ఉండేవి. మూడంకెలు కనిపిస్తే ఇంకేమీ ఆలోచించకుండా ఆ టైరు తీసి పారేయండి. పూర్తి నంబరు టైరుకి ఒక్క వైపే ఉండొచ్చు. తెల్ల అక్షరాలు బయటికి పెట్టి బిగించినప్పుడు అది లోపలికి పోతుంది. కాబట్టి కారు కిందకి దూరి టార్చిలైట్ వేసి చూడక తప్పదు.

ఆరేళ్లు దాటిన టైర్లు మార్చేయమని చాలా కార్ల కంపెనీలు చెబుతాయి. ట్రెడ్ ఎంత మిగిలినా పదేళ్లకి మించి వాడొద్దని టైర్ల కంపెనీలు అంటాయి. రోజూ తిరిగే కారుకి ఈ లెక్కతో పెద్దగా పనుండదు, ఎందుకంటే ముందు ట్రెడ్డే అరిగిపోతుంది. మన కార్లు ఏడాదికి వెయ్యి, పదిహేను వందల మైళ్లు తిరిగితే గొప్ప. ట్రెడ్ అరగదు, రబ్బరు మాత్రం ఎండిపోతుంది. అందుకే టైరు మీద ట్రెడ్ ఎన్నాళ్లు వస్తుందో చెప్పే అంకె 400 ఉందా, 600 ఉందా అని చూసి మన కారుకి కొనడంలో అర్థం లేదు. ఆ అంకె అయ్యేలోపు టైరు ఆయుష్షే అయిపోతుంది.

మెట్టు 2: ఈ కారుతో ఏం చేస్తారో నిజం చెప్పుకోండి

మిమ్మల్ని మీరు మోసం చేసుకునే చోటు ఇదే. అందరూ "అప్పుడప్పుడు డ్రాగ్ స్ట్రిప్‌కి (తిన్నగా పరుగు పందెం పెట్టే ట్రాకు) కూడా వెళ్తాను" అంటారు. ఏడాది తిరిగి చూస్తే వెళ్లింది ఆదివారం కాఫీకి, ఆగస్టులో వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల ఊరేగింపుకి.

కారుని పోటీ ప్రదర్శనల్లో పెట్టి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉందా అని జడ్జీలు పరీక్షించే తరగతిలో నిలబెట్టాలంటే అప్పటి అచ్చు మీద పోసిన టైర్లే కావాలి. కారు ట్రైలర్ మీద వెళ్తుంది, ట్రైలర్ మీద వస్తుంది కాబట్టి నడక ఎలా ఉన్నా ఫర్వాలేదు. క్వార్టర్ మైలు పరుగే మీ లోకమైతే వెనక డ్రాగ్ రేడియల్స్ కావాలి. అవి మెత్తని రబ్బరు. అంటుకుపోతాయి, అంతే త్వరగా అరిగిపోతాయి, వానలో చేతులెత్తేస్తాయి. కొండ రోడ్ల మీద మలుపులు తిప్పడం ఇష్టమైతే 17 అంగుళాల చక్రాలు, ఈ కాలపు పెర్ఫార్మెన్స్ టైర్లు. ఇవేవీ కాక, ఎండ కాసిన రోజున హాయిగా నడపడమే పనైతే (పదిమందిలో ఎనిమిది మంది ఇంతే, నాతో సహా) 15 అంగుళాల తెల్ల అక్షరాల రేడియల్స్ సరిపోతాయి.

ఏ దారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత షాపులో మనసు చలించినప్పుడు ఆ కాగితం పనికొస్తుంది.

మెట్టు 3: పాత సైజు భాష చదవడం

1960ల మొదట్లో టైరు సైజు 7.50-14 అని ఉండేది. మజిల్ కార్ల శకానికి నాంది అని చెప్పుకునే 1964 పాంటియాక్ జీటీవోకి ఈ సైజులోనే ఎర్రగీత టైర్లు వచ్చేవి. 7.50 అంటే అంగుళాల్లో టైరు వెడల్పు, 14 అంటే రిమ్ వ్యాసం. మన అంబాసిడర్‌కి 5.90-15 అని ఉండేది గుర్తుందా? అదే పద్ధతి. సైడ్‌వాల్ ఎంత ఎత్తో ఇందులో చెప్పరు.

తర్వాత అక్షరాల పద్ధతి వచ్చింది. నా షెవెల్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎఫ్70-14 టైర్లతో, 14 అంగుళాల వ్యాసం, 7 అంగుళాల వెడల్పు ఉన్న ఎస్ఎస్ చక్రాలతో వచ్చింది. ఇక్కడ ఎఫ్ అంటే వెడల్పు అనుకుంటారు చాలామంది. కాదు, అది మోసే బరువు. 'ఈ' (E) అక్షరం ఉన్న టైరు 1,400 పౌండ్లు, ఎఫ్ 1,500, జీ 1,620, అదీ 32 పీఎస్‌ఐ గాలి దగ్గర. 70 అంటే వెడల్పులో 70 శాతం ఎత్తు సైడ్‌వాల్‌ది.

ఇప్పటి పద్ధతి 215/70ఆర్14. వెడల్పు 215 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ అందులో 70 శాతం, ఆర్ అంటే రేడియల్, రిమ్ 14 అంగుళాలు. మొత్తం ఎత్తు కట్టడం సులువు: 215ని 0.70తో గుణించి, రెట్టింపు చేసి, 25.4తో భాగించి, రిమ్ వ్యాసం కలపండి. 25.9 అంగుళాలు వస్తుంది.

పాత సైజుకి కొత్త సైజు చెప్పే చార్టుల్లో ఎఫ్70-14కి ఎదురుగా సాధారణంగా 215/70ఆర్14 అని ఉంటుంది. అది బరువు లెక్కన దగ్గరి జోడీ. ఎత్తులో పాత టైరు కొంచెం పెద్దదిగా ఉండేది కాబట్టి చాలామంది 225/70ఆర్14 వైపు వెళ్తారు. అది 26.4 అంగుళాలు. చార్టు చూసి మొదలుపెట్టండి, దాన్ని నమ్మి మాత్రం కొనేయకండి. నేను వెనక్కి పంపిన సైజు చార్టు చూసి కొన్నదే.

మెట్టు 4: బయాస్ ప్లైయా, రేడియలా

మన దగ్గర లారీ వాళ్లు "నైలాన్ టైరు" అనే దాన్నే ఇక్కడ బయాస్ ప్లై అంటారు. లోపల దారాల పొరలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా, నవారు మంచం అల్లికలా అడ్డంగా పోతాయి. రేడియల్‌లో దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి తిన్నగా వెళ్తాయి, ట్రెడ్ కింద స్టీలు పట్టీలు ఉంటాయి. సైడ్‌వాల్ వంగినా ట్రెడ్ రోడ్డుని వదలదు. బయాస్‌లో సైడ్‌వాల్ కదిలితే ట్రెడ్ కూడా కదులుతుంది.

మజిల్ కార్ల మంచి రోజుల్లో ఈ రెండింటి మధ్య రకం ఒకటి వచ్చింది. బయాస్ అల్లిక మీద ఫైబర్‌గ్లాస్ పట్టీలు చుట్టినవి. గుడ్‌ఇయర్ పాలీగ్లాస్ అంటే అదే. 1969 బాస్ 302 మస్టాంగ్ కింద ఉన్న ఎఫ్60-15 కూడా అదే. మిషెలిన్ రేడియల్‌కి 1946లోనే పేటెంట్ తీసుకున్నా, రేడియల్స్‌ని ప్రామాణికంగా బిగించుకుని వచ్చిన మొదటి అమెరికన్ కారు 1970 లింకన్ కాంటినెంటల్ మార్క్ 3. అంటే నాలుగు వందల గుర్రాల ఇంజన్లు పెట్టి రోడ్డు మీదకి వదిలిన ఆ కార్లన్నీ, ఇవాళ ఒక చిన్న మారుతి కారుకి ఉన్నపాటి టైరు కూడా లేకుండానే పరిగెత్తాయి. అప్పటి పత్రికల్లో "వెనక చక్రాలు పట్టు చిక్కక గిరగిరా తిరిగాయి" అని రాశారంటే అందులో ఇంజన్ గొప్పతనం సగమే.

బయాస్ టైర్లతో కారు నడిపి చూశాను, ఒక మిత్రుడి పాంటియాక్. రోడ్డు మీద లారీ చక్రాల గాడి కనిపిస్తే చాలు, కారు దాని వెంట పోతుంది. స్టీరింగ్‌ని రెండు చేతులా పట్టుకుని బతిమాలుతూ నడపాలి. రాత్రంతా నిలబెట్టి పొద్దున తీస్తే, నేలకి ఆనిన చోట చదునై, మొదటి రెండు మూడు మైళ్లు దడదడలాడతాయి. ఆ కాలపు అనుభవం కావాలనుకునే వాళ్లకి అదో ఆనందం. నేను రేడియల్ మనిషిని.

ఒక్కటి మాత్రం ఖాయం: రెండు రకాలూ కలపకండి. ఒకే ఇరుసు మీద అసలు వద్దు. ముందు ఒక రకం, వెనక ఒక రకం కూడా వద్దు. మలుపులో ఒక కొస పట్టుకుంటే రెండోది జారుతుంది.

మెట్టు 5: చక్రం 14 ఉంచాలా, పెంచాలా

14 అంగుళాల అసలు చక్రాలు ఉంచుకుంటే కారు అందం చెడదు. కానీ ఆ సైజులో మంచి టైర్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. ఇంకో సంగతి: 1969 ఎస్ఎస్‌కి ముందు డిస్క్ బ్రేకులు ఉంటాయి. పాత సామాను సంతలో దొరికిన ప్రతి 14 అంగుళాల రిమ్మూ ఆ కాలిపర్ (డిస్క్‌ని నొక్కి పట్టే బ్రేకు భాగం) దాటి తిరగదు. పెట్టి, చేత్తో తిప్పి చూశాకే డబ్బులివ్వండి.

15కి వెళ్తే తెల్ల అక్షరాల టైర్లలో ఎంపిక పెరుగుతుంది, కారు రూపం పెద్దగా మారదు. 17కి వెళ్తే రబ్బరు నాణ్యత ఒక్కసారిగా ఈ శతాబ్దంలోకి వస్తుంది. బ్రేకింగ్, మలుపులు, వాన, అన్నింట్లో తేడా తెలుస్తుంది. కానీ తెల్ల అక్షరాలు దాదాపు దొరకవు. సన్నటి సైడ్‌వాల్ మీద షెవెల్ నా కంటికి అరువు చెప్పులు వేసుకున్నట్టు కనిపిస్తుంది. 18, 20 సంగతి అడగొద్దు.

నేను అసలు చక్రాలు నాలుగూ దుప్పటి చుట్టి బేస్‌మెంట్‌లో దాచాను. ముందు 15 బై 7, వెనక 15 బై 8 పెట్టాను. వెనక వెడల్పు టైర్లు పెట్టడం ఫ్యాక్టరీ సంప్రదాయానికి విరుద్ధం అనేవాళ్లకి ఒక మాట: 1970లో ప్లిమత్ ఏఏఆర్ 'కుడా ('Cuda), డాడ్జ్ ఛాలెంజర్ టీ/ఏ కార్లు ముందు ఈ60-15, వెనక జీ60-15తో ఫ్యాక్టరీ గేటు దాటి వచ్చాయి.

పాత స్టీలు రిమ్ములే వాడుతుంటే నట్ల రంధ్రాల చుట్టూ, మధ్య పళ్లేన్ని అంచుకి వెల్డింగ్ చేసిన చోటా పగుళ్లు ఉన్నాయేమో చూడండి. అవి బయాస్ టైర్ల కోసం చేసినవి. రేడియల్ మలుపులో రిమ్ మీద వేసే ఒత్తిడి ఎక్కువ. లోపల తుప్పు పడితే టైరు అంచు సరిగ్గా కూర్చోక గాలి మెల్లగా దిగిపోతుంది.

మెట్టు 6: కొలవడం

అసలు పని ఇది. ఒక శనివారం పొద్దున పెట్టుకోండి.

కావాల్సినవి: టేపు, తిన్నని చెక్క బద్ద, జాకీ, రెండు స్టాండ్లు, కాగితం. వెనక చక్రాలు విప్పాక స్టాండ్లు ఛాసిస్ కింద కాదు, ఇరుసు కిందే పెట్టాలి. ముందు అయితే కింది కంట్రోల్ ఆర్మ్ కింద. కారు బరువు స్ప్రింగుల మీద ఉన్నప్పుడు చక్రం ఏ ఎత్తులో ఉంటుందో అక్కడే కొలవాలి. ఛాసిస్ ఎత్తి ఇరుసుని వేలాడదీసి కొలిస్తే ఫెండర్ అంచుకీ టైరుకీ మధ్య దూరం అబద్ధం చెబుతుంది. నేను చేసిన మొదటి తప్పు అదే.

చక్రం ఆనే ముఖం, అంటే బోల్టులు బయటికి వచ్చే చదునైన చోటు, దాన్ని సున్నా అనుకోండి. అక్కడినుంచి లోపలికి టైరుకి తగలగల మొదటి వస్తువు (ఛాసిస్, స్ప్రింగు, లోపలి రేకు, ఏదైతే అది) ఎంత దూరమో కొలవండి. బయటికి ఫెండర్ మడత లోపలి అంచు వరకు ఎంతో కొలవండి. ఈ కొలతలు టైరు పైభాగం ఎక్కడుంటుందో ఆ ఎత్తులో తీసుకోవాలి. రెండు వైపులా విడివిడిగా కొలవండి. ఆ రోజుల్లో అసెంబ్లీ లైన్ మీద పావు అంగుళం తేడా ఎవరికీ పట్టేది కాదు. ఎడమ వైపు హాయిగా తిరిగే టైరు కుడి వైపు గీసుకోవడం ఈ కార్లలో మామూలే. రెండింటిలో తక్కువ కొలతనే నమ్మండి.

ఇప్పుడు లెక్క. వెనక 255/60ఆర్15 పెడదామనుకున్నాను. వెడల్పు 255 మిల్లీమీటర్లు, అంటే సుమారు 10 అంగుళాలు. 8 అంగుళాల రిమ్‌ని అంచుల బయటినుంచి కొలిస్తే 9 అంగుళాలు ఉంటుంది. బ్యాక్‌స్పేసింగ్ అంటే రిమ్ వెనక అంచు నుంచి చక్రం ఆనే ముఖం దాకా దూరం. అది 4.5 అంగుళాలైతే ముఖం సరిగ్గా మధ్యలో ఉన్నట్టు. అప్పుడు టైరు సున్నా నుంచి లోపలికి 5, బయటికి 5 అంగుళాలు పరుచుకుంటుంది. రెండు వైపులా అర అంగుళం చొప్పున ఖాళీ వదలాలి కాబట్టి లోపల 5.5, బయట 5.5 చోటు ఉంటేనే ఆ టైరు పడుతుంది. లోపల 6, బయట 5 ఉంటే? టైరు మార్చనక్కర్లేదు, బ్యాక్‌స్పేసింగ్ 5 ఉన్న రిమ్ తీసుకుంటే చాలు. చాలామంది ఇక్కడే టైరుని తిడతారు, తప్పు రిమ్‌ది.

ఆ అర అంగుళం ఎందుకంటే, మలుపులో ఇరుసు పక్కకి జరుగుతుంది. యాభై ఏళ్ల నాటి రబ్బరు బుష్‌లు ఉన్న షెవెల్‌లో ఇంకా ఎక్కువ జరుగుతుంది. బుష్‌లు మార్చలేదంటే ఖాళీ ఇంకాస్త వదలండి.

ముందు చక్రాలకి ఇంకో పరీక్ష ఉంది: స్టీరింగ్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పి చూడాలి. తిప్పినప్పుడు టైరు మూల ఫెండర్ వెనక కింది భాగానికీ, లోపల స్వే బార్‌కీ (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) దగ్గరగా వస్తుంది. ఆగి ఉన్నప్పుడు వేలు దూరే సందు ఉంటే, స్పీడ్ బ్రేకర్ మీద తిప్పుతూ ఎక్కినప్పుడు ఆ సందు ఉండదు. నాకు ముందు 235/60ఆర్15 ఏ గొడవా లేకుండా పడింది. మీ కారులో స్ప్రింగులు కత్తిరించి కిందికి దించి ఉంటే నా మాట లెక్కలోకి తీసుకోకండి.

అనుమానంగా ఉంటే అదే సైజు చక్రం ఎవరి దగ్గరైనా అరువు తెచ్చి ఒకసారి బిగించి చూడండి. ఈ కార్ల వాళ్లు ఇచ్చి పుచ్చుకోవడంలో ఉదారులు.

మెట్టు 7: ఎత్తు మారితే ఏం మారుతుంది

టైరు ఎత్తు గేరులాంటిది. ఎత్తు పెరిగితే ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది, ఉరుకు తగ్గుతుంది. సూత్రం: గంటకి మైళ్లని వెనక ఇరుసు నిష్పత్తితో గుణించి, 336తో గుణించి, టైరు ఎత్తుతో భాగించండి. 3.55 నిష్పత్తి, 26 అంగుళాల టైరు ఉంటే 65 మైళ్ల దగ్గర ఇంజన్ దాదాపు 2,980 చుట్లు తిరుగుతుంది. అదే 28 అంగుళాల 275/60ఆర్15 పెడితే సుమారు 2,770కి దిగుతుంది. హైవే మీద చెవులకి సుఖమే. కానీ స్పీడోమీటర్ 65 చూపిస్తున్నప్పుడు మీరు నిజానికి 70లో ఉంటారు. పోలీసుకి ఈ లెక్క చెప్పి ఒప్పించడం కష్టం. ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని ఒకసారి సరిచూసుకోండి. తేడా ఎక్కువుంటే గేర్‌బాక్స్‌లో స్పీడోమీటర్‌ని తిప్పే చిన్న ప్లాస్టిక్ గేరు మారిస్తే సరిపోతుంది.

మెట్టు 8: బరువు, వేగం

దీని గురించి అతిగా టెన్షన్ పడక్కర్లేదు. సైజు తర్వాత ఉండే 96ఎస్ లాంటి గుర్తులో 96 అంటే ఒక్కో టైరు 1,565 పౌండ్లు మోస్తుంది. ఇద్దరు మనుషులతో నా కారు నాలుగు వేల పౌండ్ల దరిదాపుల్లో ఉంటుంది. పెద్ద ఇనుప ఇంజన్ వల్ల ముందు భారం ఎక్కువే అయినా చాలా మిగులుంటుంది. ఎస్ అంటే 112 మైళ్ల వేగం వరకు. టీ 118, హెచ్ 130. యాభై ఏళ్ల స్టీరింగ్ బాక్సుతో 112 దాటాలనుకునే వాళ్లకి కావాల్సింది హెచ్ టైరు కాదు, ట్రాకు.

మెట్టు 9: ఏది కొనాలి

తెల్ల అక్షరాల రేడియల్స్‌లో పాత కాపు బీఎఫ్ గుడ్‌రిచ్ రేడియల్ టీ/ఏ. క్రూజ్‌లో నిలబడి లెక్కపెడితే మూడో కారుకో నాలుగో కారుకో అదే కనిపిస్తుంది. కూపర్ కోబ్రా ఇంకో దారి. తడి రోడ్డు మీద రెండూ అద్భుతాలేం కావు. అవి రూపం కోసం, నెమ్మదైన నడక కోసం చేసినవి. ఈ నిజం తెలిసి కొంటే నిరాశ ఉండదు.

అసలైన పాత రూపం కావాలంటే టెనెసీలోని చాటనూగాలో 1958 నుంచి ఉన్న కోకర్ టైర్ వాళ్లు ఫైర్‌స్టోన్ వైడ్ ఓవల్, ఎర్రగీత టైర్లు తిరిగి పోస్తున్నారు. ఎర్రగీతని రేడియల్ మీద వేసినవి కూడా వాళ్ల దగ్గర దొరుకుతాయి. చూపుకి 1966, నడకకి ఇప్పటిది. గుడ్‌ఇయర్ పాలీగ్లాస్ అచ్చులు కావాలంటే మిస్సోరీలోని కెల్సీ టైర్. ఇవన్నీ ఖరీదైన సరదాలు.

పాతవి "వాడనివి, గోడౌన్‌లో దాచినవి" అని ఎవరైనా 1970ల టైర్లు అమ్మితే అలంకారానికి కొనుక్కోండి, కారు కదిలించడానికి మాత్రం కాదు.

మెట్టు 10: ఆర్డరు, బిగింపు

ఆర్డరు ఇచ్చేముందే తయారీ వారం అడగండి. నెమ్మదిగా అమ్ముడుపోయే సైజులు గోడౌన్లలో ఏళ్ల తరబడి ఉంటాయి. నాకు ఒక షాపు కొత్తవంటూ నాలుగేళ్ల నాటివి పంపింది. ఆరేళ్ల ఆయుష్షులో నాలుగేళ్లు వాళ్ల గోడౌన్‌లోనే కరిగిపోయాయి. ఏడాదికి మించిన పాతవి తీసుకోనని ముందే చెప్పండి. నాలుగూ ఒకేసారి కొనండి.

బిగించే షాపుకి వెళ్లినప్పుడు సిగ్గుపడకుండా పక్కన నిలబడండి. తెల్ల అక్షరాలు బయటికో లోపలికో ముందే చెప్పాలి. మెరిసే రిమ్ములైతే అంచుకి కొట్టే సీసం ముక్కలు వద్దని, లోపల అంటించేవి వాడమని చెప్పాలి. నా కొత్త రిమ్ అంచుకి ఒక గీత పడ్డాకే నాకు నోరు తెరవడం వచ్చింది. తెల్ల అక్షరాల మీద నీలం పూత ఉంటుంది. ఇంటికొచ్చాక గోరువెచ్చని సబ్బు నీళ్లు, మెత్తని బ్రష్‌తో పోతుంది. టైర్లకి మెరుపు నూనెలు పూయకండి, తెలుపు పసుపు తిరగడానికి అవీ ఒక కారణం.

నట్లు చక్రానికి తగ్గవేనా చూడండి. శంకువు ఆకారపు సీటు ఉన్నవీ, నిలువు మెడ ఉన్నవీ వేరు. ఒకదాని బదులు ఒకటి పెడితే బిగిసినట్టే ఉండి వదులవుతాయి. షెవెల్ 7/16 అంగుళం బోల్టులకి 65 నుంచి 75 అడుగుల పౌండ్ల బిగింపు చాలు. అల్యూమినియం చక్రాలైతే 50 మైళ్లు తిరిగాక మళ్లీ బిగించాలి.

మెట్టు 11: గాలి, అలైన్‌మెంట్

కారు తలుపు దగ్గరున్న పాత స్టిక్కరు 24, 26 పీఎస్‌ఐ అంటుంది. అది బయాస్ టైర్ల మాట. రేడియల్స్‌కి 30 నుంచి 32 దగ్గర మొదలుపెట్టి సుద్దముక్క పరీక్ష చేయండి. ట్రెడ్ మీద అడ్డంగా సుద్దగీత గీసి, తిన్నని రోడ్డు మీద వంద గజాలు నడిపి ఆపండి. మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచులే చెరిగితే తక్కువ.

అలైన్‌మెంట్ దగ్గర చాలామంది దెబ్బతింటారు. షాపు కుర్రాడు కంప్యూటర్‌లో 1969 అని కొట్టి ఫ్యాక్టరీ అంకెలే పెట్టేస్తాడు. ఆ అంకెల్లో క్యాస్టర్ సున్నా దగ్గరో, కాస్త నెగటివ్‌లోనో ఉంటుంది. క్యాస్టర్ అంటే సైకిల్ ముందు ఫోర్కు వాలు లాంటిది. ఆ వాలు వల్లే చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోతుంది. రేడియల్స్‌తో ఈ కార్లకి పాజిటివ్ క్యాస్టర్ కావాలి. పాత భాగాలతోనే షిమ్ములు (సందులో పెట్టే సన్నటి రేకు ముక్కలు) మార్చి రెండు, మూడు డిగ్రీలు వస్తే తీసుకోండి. టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు కాస్త లోపలికి తిరిగి ఉండటం) 1/16 నుంచి 1/8 అంగుళం. ఈ అంకెలు చీటీ మీద రాసిచ్చి, అలాగే చేయమని అడగండి. కొత్త టైర్లు పెట్టినా కారు తేలిపోతోందని బాధపడే వాళ్లలో సగం మంది సమస్య ఇదే, టైరు కాదు.

చలికాలం గరాజ్‌లో పెట్టేముందు గాలి ఐదారు పీఎస్‌ఐ ఎక్కువ కొట్టి ఉంచండి. పెర్ఫార్మెన్స్ వేసవి టైర్లు పెట్టుకున్న వాళ్లు గడ్డకట్టే చలిలో కారుని కదిలించొద్దు, రబ్బరు పగులుతుంది.

మెట్టు 12: స్టెప్నీ

అందరూ మరిచిపోయేది. డిక్కీలో పాత స్టెప్నీ అలాగే ఉంటే దాని నంబరు కూడా చదవండి, మొదటి మెట్టులో చెప్పినట్టే. కొత్త వెనక టైర్లు 27 అంగుళాల ఎత్తుంటే, 26 అంగుళాల స్టెప్నీని వెనక పెట్టకండి. పోజిట్రాక్షన్ (వెనక రెండు చక్రాలకీ బలం అందించే అమరిక) ఉన్న ఇరుసులో రెండు చక్రాలు వేరువేరు వేగంతో తిరుగుతూ లోపలి క్లచ్ పళ్లేలని కాలుస్తాయి. పంక్చర్ వెనక అయితే ముందు చక్రం ఒకటి వెనక్కి మార్చి స్టెప్నీని ముందు పెట్టాలంటే రెండుసార్లు జాకీ ఎత్తాలి, పైగా వెనక ఎత్తు అప్పటికీ కలవదు. నేను డిక్కీలో పంక్చర్ కిట్టు, చిన్న గాలి పంపు, టోయింగ్ సభ్యత్వం కార్డు పెట్టుకున్నాను. పాత స్టెప్నీ ఇప్పుడు గరాజ్‌లో మా పిల్లాడి కుర్చీ.